కొత్తదని అమ్మిన ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టెలో పాత చీటీ: గిటార్, బేస్ వాయించేవాళ్లు జాగ్రత్త

నిన్న సాయంత్రం ఆ దుకాణం మెట్లు దిగి వచ్చినప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. రాత్రి నిద్ర పట్టలేదు. కోపం చల్లారాక రాద్దామనుకుంటే "పోనీలే, తెలిసినవాడే కదా" అని ఊరుకుంటానేమోనన్న భయంతో ఇప్పుడే రాస్తున్నాను. దుకాణం పేరు రాయను. హైదరాబాద్‌లో గిటార్ తీగల కోసం తిరిగినవాళ్లలో చాలామందికి ఆ కౌంటరు, ఆ మనిషి తెలిసే ఉంటారు. ఎనిమిదేళ్లుగా నేను ఆయన దగ్గరే కొంటున్నాను. నా మొదటి గిటార్ కూడా అక్కడిదే. ఆయన నన్ను "తమ్ముడూ" అనేవాడు, నేను "అన్నా" అనేవాణ్ని.

ముందు సంగతి క్లుప్తంగా చెబుతాను. నేను గిటార్ వాయిస్తాను, మా బావమరిది బేస్ గిటార్ వాయిస్తాడు. ఆదివారాలు మా ఇంట్లో కూర్చుని సొంత బాణీలు కట్టుకుంటాం. ఇన్నాళ్లూ ఆంప్ ముందు ఫోను పెట్టి రికార్డు చేశాం. తర్వాత వింటే గిటార్ ఒక్కటే ఉండేది. గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ 82 హెర్ట్‌జ్ దగ్గర మోగితే, బేస్‌లో లావు తీగ 41 హెర్ట్‌జ్ దగ్గర మోగుతుంది. ఫోనులో వింటే ఆ లోతంతా పోయి వేళ్ల టకటకలే మిగిలేవి. పాపం వాడు రెండేళ్లు అలాగే వాయించాడు. అందుకే ఇద్దరం డబ్బు వేసుకుని, వాద్యాలను నేరుగా కంప్యూటర్‌లోకి రికార్డు చేసే ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి కొందామనుకున్నాం. పది వేలు దాటకూడదన్నది మా హద్దు.

ఇద్దరం ఒకేసారి వాయించాలి కాబట్టి వాద్యాన్ని నేరుగా తీసుకునే ఇన్‌పుట్‌లు రెండు ఉండాలి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో మంచిదే కానీ దానిలో ఒకటి మైకుకు, ఒకటి వాద్యానికి. బెహ్రింగర్ యూఎం2 కూడా అంతే. ఒక్కరే వాయించుకునేవాళ్లకు అవి చాలు. గిటార్, బేస్ కలిపి ఎక్కించాలంటే స్కార్లెట్ 2ఐ2, బెహ్రింగర్ యూఎంసీ202హెచ్‌డీ లాంటివి కావాలి. వాటిలో రెండు ఇన్‌పుట్‌లనూ విడివిడిగా వాద్యానికి మార్చుకోవచ్చు. మేము కొన్నది ఇదే తరహాది, వేరే కంపెనీది. ఆ పేరు కూడా రాయను. తప్పు దాన్ని తయారుచేసినవాళ్లది కాదు.

రెండు వారాల కిందట, శనివారం వెళ్లాను. అన్న ఎప్పటిలాగే టీ తెప్పించాడు. పక్కా బిల్లుతో అయితే 9,800 అన్నాడు. బిల్లు వద్దనుకుంటే 8,300 చాలన్నాడు. "జీఎస్టీ పేరుతో పదిహేను వందలు ఎందుకు పోగొట్టుకుంటావు తమ్ముడూ? ఏదైనా అయితే నేను లేనా?" అని భుజం మీద చెయ్యి వేశాడు. నేను సరేనన్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నా తప్పు ఇదే, దీన్ని నేను దాచుకోను. పదిహేను వందలు మిగులుతాయన్న ఆశతో నా చేతిలో ఉండాల్సిన ఒకే ఒక్క ఆధారాన్ని నేనే వదులుకున్నాను. ఆయన ఒక చిన్న కాగితం మీద మోడల్ పేరు, ధర రాసి ఇచ్చాడు. ముద్ర లేదు, సంతకం లేదు, తేదీ కూడా లేదు.

పెట్టెకు పైన ప్లాస్టిక్ చుట్టు లేదు. "నీకు పరీక్షించి ఇద్దామని నేనే తీశాను" అన్నాడు. నా ఎదురుగానే ల్యాప్‌టాప్‌కు తగిలించి, మొదట మైకు పెట్టాడు, తర్వాత గోడకు వేలాడుతున్న బేస్ ఒకటి తీసి రెండు ఇన్‌పుట్‌లలోనూ వాయించి చూపించాడు. రెండిటిలోనూ శబ్దం వచ్చింది. నా గిటార్ ఆ రోజు నా వీపు మీదే ఉంది. సంచి జిప్పు తీసి అది కూడా తగిలించి చూద్దామని నాకు తట్టనే లేదు.

ఇంటికి వచ్చాక ఇద్దరం తగిలించి చూశాం. గిటార్ మొదటి ఇన్‌పుట్‌లో, బేస్ రెండో దానిలో. గిటార్ గలగలలాడుతూ వచ్చింది. బేస్ మాత్రం మందపాటి దుప్పటి కప్పి వాయించినట్టు మొద్దుగా, ఎక్కడో పక్కింట్లో మోగుతున్నట్టు వచ్చింది. గెయిన్ (లోపలికి వచ్చే శబ్దం స్థాయి) పెంచితే బుస్సుమన్న రొద పెరిగింది తప్ప బేస్ ముందుకు రాలేదు. మా బావమరిది తన వేళ్లనే అనుమానించాడు. కొత్త తీగలు వేశాడు. కేబుల్ మార్చాం. డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాం. ఒక ఆదివారం పూర్తిగా అలాగే పోయింది.

చివరికి రెండూ తారుమారు చేశాం. బేస్ మొదటి దానిలో పెడితే గది దద్దరిల్లింది. గిటార్ రెండో దానిలో పెడితే అదీ మొద్దుబారింది. అంటే జబ్బు రెండో ఇన్‌పుట్‌ది. అక్కడ 'ఇన్‌స్ట్' (ఇన్‌స్ట్రుమెంట్, అంటే వాద్యం) అని రాసి ఉన్న చిన్న బొత్తాం నొక్కితే దీపం చక్కగా వెలుగుతోంది కానీ లోపల ఏమీ మారడం లేదు.

మరి దుకాణంలో బేస్ ఎలా పలికింది? ఇది తెలుసుకోవడానికి నాకు ఇంకో రెండు రోజులు పట్టింది. మీకు మాత్రం ఈ ఒక్క ముక్క తప్పకుండా తెలియాలి. మన మామూలు గిటార్ పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగితీగ. దాని నుంచి వచ్చే సంకేతం చాలా సున్నితం. దాన్ని అందుకునే ఇన్‌పుట్‌కు సుమారు పది లక్షల ఓమ్‌ల ఇంపిడెన్స్, అంటే విద్యుత్ సంకేతానికి అడ్డుపడే గుణం, ఉండాలి. ఇన్‌స్ట్రుమెంట్ బొత్తాం చేసే పని అదే. బొత్తాం పని చేయకపోతే గిటార్ వెళ్లి పది వేల ఓమ్‌ల స్థాయిలో ఉండే లైన్ ఇన్‌పుట్ (కీబోర్డు లాంటి బలమైన సంకేతాలకు ఉద్దేశించినది) మీద పడుతుంది. ఆ బరువు మోయలేక శబ్దం కుంగిపోతుంది, అన్నిటికంటే ముందు పైస్థాయి మెరుపు చస్తుంది. కానీ యాక్టివ్ బేస్ సంగతి వేరు. దాని ఒంట్లోనే 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ (సంకేతాన్ని బలపరిచే చిన్న సర్క్యూట్) ఉంటుంది కాబట్టి లైన్ ఇన్‌పుట్‌ను కూడా అవలీలగా తోస్తుంది. ఆయన గోడ మీద నుంచి తీసింది యాక్టివ్ బేస్. మైకుకేమో ఆ బొత్తాంతో పనే లేదు. నాకు చూపించిన రెండు పరీక్షలూ ఆ లోపం బయటపడని పరీక్షలే.

అప్పటికీ నేను ఆయన్ని అనుమానించలేదు. ఆయనకు కూడా తెలియకుండా వచ్చిన లోపమే అనుకున్నాను. మార్చి ఇవ్వమని అడుగుదామని నిన్న మధ్యాహ్నం పరికరాన్ని పెట్టెలో సర్దుతుంటే, అడుగున ఉన్న అట్ట పైకి లేచింది. దాని కింద నాలుగు మడతలు పెట్టిన చిన్న చీటీ. విప్పితే నీలం సిరాతో ఇంత రాసి ఉంది: "2 ఇన్‌పుట్, గిటార్ డల్. రిటర్న్."

ఆ చేతిరాత నాకు తెలుసు. ఎనిమిదేళ్లుగా తీగల సెట్టు మీద ధర రాసి ఇచ్చేది ఆ చెయ్యే. ఆయన 2 అంకె రాస్తే కింద తోక దగ్గర చిన్న సున్నా చుడతాడు. నాకిచ్చిన ధర కాగితం తెచ్చి పక్కన పెట్టుకున్నాను. 9,800 కొట్టేసి 8,300 రాసిన ఆ కాగితం మీద మోడల్ పేరులోనూ 2 ఉంది. అదే తోక, అదే సున్నా. అప్పుడు కంపెనీ వెబ్‌సైటులో సీరియల్ నంబరు కొట్టి చూశాను. ఇది ఇదివరకే రిజిస్టర్ అయిందని వచ్చింది.

అంటే నాకంటే ముందు మనలాంటివాడే ఎవరో దీన్ని కొన్నాడు. ఇదే బాధ పడ్డాడు. తిరిగి తెచ్చి ఇచ్చాడు. ఆయన స్వయంగా లోపం రాసి పెట్టుకుని, ఆ రాసినది తీయడం మరిచిపోయి, కొత్తదని నాకు అమ్మాడు. టీ తెప్పించి మరీ అమ్మాడు.

నేరుగా దుకాణానికి వెళ్లాను. కౌంటరు దగ్గర ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు ఉన్నారు. గొడవ చేయాలని లేదు, అందుకే గొంతు తగ్గించి "అన్నా, ఒకసారి ఇది చూడు" అని చీటీ ఆయన చేతికి ఇచ్చాను. ఆయన చదివాడు. మొహంలో ఏ మార్పూ లేదు. తాపీగా మళ్లీ నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఏమిటి సమస్య?" అన్నాడు.

"ఆ చీటీ అన్నా. నీ చేతిరాతే కదా."

"ఏ చీటీ?"

నా కళ్ల ముందే జేబులో వేసుకుని, ఆ జేబు మీదే చెయ్యి పెట్టుకుని, ఏ చీటీ అని అడిగాడు. నాకు మాట రాలేదు. తేరుకుని రెండో ఇన్‌పుట్ గురించి, బొత్తాం గురించి చెప్పడం మొదలుపెడితే చెయ్యెత్తి ఆపాడు.

"బిల్లు ఉందా సార్?"

సార్ అన్నాడు. ఎనిమిది వేల మూడు వందల కంటే నాకు ఆ ఒక్క మాటే ఎక్కువ నొప్పి. బిల్లు వద్దని ఎవరు చెప్పారో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ధర కాగితం చూపిస్తే "ఇలాంటివి ఎవరైనా రాసుకోవచ్చు" అన్నాడు. తర్వాత ఆ కుర్రాళ్ల వైపు తిరిగి, "చవక సామాను కొంటారు, వాయించడం రాక మన మీద పడతారు" అన్నాడు. మా బావమరిది బయట బండి మీద కూర్చుని ఉన్నాడు. వాడు ఈ మాట వినకపోవడం ఒక్కటే నాకు ఊరట.

ఆ చీటీని ఫోటో తీసుకోకుండా అసలు కాగితమే చేతికి ఎందుకిచ్చావని మీరు అడుగుతారు. మా ఆవిడా అదే అడిగింది. చూపిస్తే సిగ్గుపడతాడనుకున్నాను. అంతకు మించి నా దగ్గర జవాబు లేదు.

ఈ ఉదయం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. 8,300లో ఐదు వేలు ఫోను నుంచి పంపాను, ఆ లావాదేవీ వివరాలు ఉన్నాయి. మిగతాది నగదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం అమ్మిన సరుకుకు బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం కూడా అంతే. నాకు ఇంకా పదహారు రోజులు ఉన్నాయి. అవసరమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. ఐదు లక్షల లోపు విలువకు అక్కడ ఫీజు కూడా లేదు.

మీరు కొనేటప్పుడు పక్కా బిల్లు తీసుకోండి, ఎంత తెలిసినవాడైనా సరే. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకుని, పెట్టె మీదున్న నంబరుతో, పరికరం అడుగున ఉన్న నంబరుతో సరిచూసుకోండి. సొంత గిటార్ తీసుకెళ్లండి. బ్యాటరీ లేని మామూలు పికప్ ఉన్నదైతేనే ఈ లోపం దొరుకుతుంది. ఒక్కో ఇన్‌పుట్‌లో బొత్తాం నొక్కకుండా ఒకసారి, నొక్కి ఒకసారి హెడ్‌ఫోన్‌లో వినండి. నొక్కగానే తీగల మెరుపు పెరగాలి. ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె విప్పడం మొదలుకొని వీడియో తీసుకోండి. ఏ కాగితం దొరికినా ముందు ఫోటో తీయండి.

ఇంకొక్క మాట, ఇది ఒకే ఒక్కరికి. గత కొద్ది నెలల్లో హైదరాబాద్‌లో రెండు ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్ కొని, రెండో దానిలో గిటార్ మొద్దుగా వస్తోందని దుకాణానికి తిరిగి ఇచ్చినవాళ్లు ఇది చదువుతుంటే దయచేసి నాకు రాయండి. మీరు దాన్ని కంపెనీ దగ్గర రిజిస్టర్ చేసి ఉంటే ఆ మెయిల్ ఇంకా మీ దగ్గర ఉండే ఉంటుంది. అందులో ఉన్న సీరియల్ నంబరు చివరి నాలుగు అంకెలు పంపండి చాలు. ఆ పెట్టె ఇప్పుడు నా బల్ల మీదే ఉంది, పోల్చి చూస్తాను.