నెట్ సెంటర్‌లో ఫైర్‌ఫాక్స్: ఐదుకు మూడున్నర

ఖమ్మంలో ఒక జూనియర్ కాలేజీ దగ్గర నాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. హాల్ టికెట్లు, కౌన్సెలింగ్ ఆప్షన్లు, పాన్ కార్డు దరఖాస్తులు, జిరాక్సులు. పొద్దుటి నుంచి రాత్రి దాకా అవే కుర్చీల్లో ఊరంతా కూర్చుని లేస్తుంది. కాబట్టి బ్రౌజరు వేగం సంగతి నేను తరువాత చూస్తాను. ముందు కూర్చుని వెళ్లినవారి గుట్టు తరువాత వచ్చినవారికి తెలియకూడదు, అదీ నా మొదటి లెక్క.

ఇంకో బ్రౌజరు వాడే రోజుల్లో ఒక అమ్మాయి ఏదో ఆస్పత్రి గురించి వెతుక్కుని వెళ్లింది. వెంటనే అదే కుర్చీలో మనవడి ఫలితాలు చూడటానికి ఒక పెద్దాయన కూర్చున్నారు. పేజీకి రెండు వైపులా సంతాన సాఫల్య కేంద్రాల ప్రకటనలే! ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ అమ్మాయిది ఆయన వీధే అయి ఉంటే? హిస్టరీ చెరిపేసినా కుకీలు, అంటే మనల్ని గుర్తుపట్టడానికి సైట్లు బ్రౌజరులో వదిలే చిన్న గుర్తులు, మిగిలిపోతే జరిగేది ఇదే.

ఈ పనికి ఫైర్‌ఫాక్స్ నిజంగా బాగుంది. ఏ సైటులో పుట్టిన కుకీని ఆ సైటుకే కట్టడి చేసే టోటల్ కుకీ ప్రొటెక్షన్‌ను 2022 జూన్‌లో కంప్యూటర్లలో వాడేవారందరికీ అడగకుండానే ఇచ్చారు. ఒకే ప్రకటనల కంపెనీ పది సైట్లలో కాపు కాసినా, అక్కడికీ ఇక్కడికీ వచ్చింది ఒకే మనిషి అని కుకీల ద్వారా పోల్చుకోలేదు. బ్రౌజరు మూయగానే కుకీలన్నీ చెరిగిపోయే సెట్టింగు కూడా ఉంది. నా సెంటర్‌లో మనిషి లేవగానే బ్రౌజరు మూసేయడం నియమం. ప్రకటనలను అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్-ఆన్ పూర్తి రూపం ఇక్కడ ఇంకా పనిచేస్తోంది. క్రోమ్‌లో యాడ్-ఆన్‌లకు మానిఫెస్ట్ వీ3 అనే కొత్త నియమాలు వచ్చాక లైట్ రూపంతోనే సరిపెట్టుకోవాలి. "అన్నా, ఇందులో ప్రకటనలు రావేమిటి?" అని పిల్లలు అడుగుతుంటే యజమానిగా కాస్త గర్వంగానే ఉంటుంది.

మరి ఒకటిన్నర మార్కులు ఎందుకు కోశాను? 2024 జూలైలో వెర్షన్ 128 వచ్చింది. దానితో పాటు, ప్రకటనలు ఎంతవరకు ఫలించాయో కొలవడానికి సైట్లను అనుమతించే ఒక సెట్టింగు గోప్యత పేజీలోకి చేరింది. టిక్కు వాళ్లే పెట్టేశారు. పద్ధతి చెడ్డదని అనను. మీరు ఏ ప్రకటన చూశారో, తరువాత ఆ వస్తువు కొన్నారో లేదో బ్రౌజరే గుర్తుపెట్టుకునేది. ఆ నివేదికను రహస్య లిపిలోకి మార్చి, రెండు ముక్కలు చేసి, రెండు వేర్వేరు సంస్థలకు పంపేది. ఒకటి ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా, రెండోది సైట్లకు ఉచితంగా భద్రతా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్‌ను నడిపే ఐఎస్ఆర్‌జీ అనే సంస్థ. ఒక్క ముక్కతో ఏ సంస్థకూ ఏమీ తెలిసేది కాదు. ప్రకటనదారుకు చేరేది అందరివీ కలిపిన మొత్తం, అందులోనూ కావాలని కలిపిన కొంత తప్పు లెక్క. తెలివైన పనే.

కానీ నన్ను అడిగారా? అనుమతి అడిగే పెట్టెలు తెర మీద అడ్డొస్తే వాడేవారికి చిరాకు అన్నట్టుగా ఫైర్‌ఫాక్స్ సాంకేతిక అధిపతి బాబీ హాలీ సమాధానమిచ్చారు. ఇంకాస్త వివరంగా చెప్పి ఉండాల్సిందని కూడా ఒప్పుకున్నారు. నా సెంటర్‌కు వచ్చేవారిలో గోప్యత పేజీ తెరిచినవారిని నేను ఎన్నడూ చూడలేదు. వాళ్ల తరఫున టిక్కు పెట్టాలా తీయాలా అన్నది నా చేతిలో ఉండాలి, కాలిఫోర్నియాలో ఎవరి చేతిలోనో కాదు. అదే ఏడాది సెప్టెంబరులో వియన్నాకు చెందిన నోయబ్ అనే గోప్యతా హక్కుల సంస్థ దీనిపై ఆస్ట్రియా డేటా రక్షణ అధికారులకు ఫిర్యాదు చేసింది. అనుమతి అడగకుండా ఆన్ చేశారన్నదే ముఖ్యమైన అభ్యంతరం. పరీక్ష తమ సొంత సైటుకే పరిమితమని మొజిల్లా బదులు చెప్పింది.

డబ్బు సంగతి తెలిస్తే ఇదంతా ఆశ్చర్యం కలిగించదు. డిఫాల్ట్ సెర్చ్‌గా ఉంచినందుకు గూగుల్ ఇచ్చే సొమ్మే మొజిల్లా ఆదాయంలో పెద్ద వాటా. దానికి ప్రత్యామ్నాయం వెతుకుతూ 2024 జూన్‌లో ఎనానిమ్ అనే ప్రకటనల సాంకేతిక సంస్థను కొనేశారు. దాని స్థాపకులు ఒకప్పుడు మెటాలో పనిచేసినవారు. 2025 ఫిబ్రవరిలో వాడకపు నిబంధనలు రాసి, జనం గోల పెట్టాక కొద్ది రోజులకే మాటలు మార్చి రాశారు. మీ డేటా ఎన్నటికీ అమ్మం అన్న పాత హామీ మాత్రం పోయింది. ఇలాంటివి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మరి బ్రౌజరు మార్చానా? లేదు. క్రోమ్ సంగతి చూడండి. ఇతర సైట్ల కుకీలను రెండేళ్లలో ఎత్తేస్తామని 2020 జనవరిలో చెప్పి, వాయిదాల మీద వాయిదాలు వేసి, 2024 జూలైలో ఆ ఆలోచనే మానుకున్నారు. ప్రకటనలమ్మి బతికే కంపెనీ బ్రౌజరు నుంచి అంతకు మించి ఆశించను. ఫైర్‌ఫాక్స్ మీద కోపం రావడానికి కారణం, దాని మీద ఆశ ఉండటమే.

ఒక చిన్న చిక్కు. ట్రాకింగ్ నుంచి రక్షణకు స్టాండర్డ్, స్ట్రిక్ట్ అనే స్థాయిలున్నాయి; కఠినమైన స్ట్రిక్ట్‌లో పెడితే నేను రోజూ వాడే ఒక దరఖాస్తు పోర్టల్‌లో చెల్లింపు పేజీ తెరుచుకోదు. అడ్రసు పట్టీలోని కవచం గుర్తు నొక్కి, ఆ ఒక్క సైటుకు రక్షణ ఆపితే పని అవుతుంది.

ఇంట్లో ఒక్కరే వాడే కంప్యూటర్‌కు స్టాండర్డ్ చాలు. సెంటర్లు నడిపేవారు మాత్రం స్ట్రిక్ట్ పెట్టండి, మూయగానే కుకీలు చెరిగే టిక్కు వేయండి, మొజిల్లాకు వాడకపు సమాచారం పంపే టిక్కు తీయండి, కొత్త ట్యాబులో ప్రాయోజిత లింకులు ఆపండి. పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ గోప్యత పేజీని మళ్లీ ఒకసారి పైనుంచి కింద దాకా చూడండి. ఒక్కో కంప్యూటర్‌కు టీ తాగేంత సమయం కూడా పట్టదు.