విజిల్ పట్టాలా, కమిటీలో కూర్చోవాలా?

ఐర్లండ్‌ వాళ్ల సొంత ఆట గేలిక్ ఫుట్‌బాల్‌. బంతిని చేత్తోనూ కాలితోనూ ఆడతారు. దానికి సేవ చేయాలంటే ఆటగాళ్లకే కాదు, రిఫరీకీ జీతం ఉండదు. ఖర్చులు మాత్రం ఇస్తారు. మరి విజిల్ మేలా, ఈ ఆటను నడిపే, 1884లో పుట్టిన గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ కమిటీలో పదవి మేలా?

రిఫరీకి ఉన్నది 70 నిమిషాలు. ఇద్దరు లైన్స్‌మెన్, గోల్ దగ్గర తెల్లకోటు వేసుకున్న నలుగురు అంపైర్లు తోడుంటారు. బంతి అడ్డకర్ర కిందుగా వెళ్లి గోల్ అయితే పచ్చజెండా, పైనుంచి వెళ్లి పాయింట్ అయితే తెల్లజెండా ఎగరేస్తారు. తప్పు జరిగితే మాత్రం తిట్లన్నీ మధ్యలో ఉన్నవాడికే.

రిఫరీ పాట్ మెకనేనీనే చూడండి. 1996లో మీత్, మేయో కౌంటీల (జిల్లాల్లాంటివి) మధ్య ఆల్-ఐర్లండ్ ఫైనల్ డ్రా అయింది. మళ్లీ ఆడిస్తే ఆట మొదలైన కాసేపటికే రెండు జట్లూ కొట్టుకున్నాయి. అంతమందిలో ఎవరిని పంపాలి? జట్టుకొకరిని బయటికి పంపాడు. దాని మీద వాదన ఇప్పటికీ తెగలేదు. మీత్ ఒక్క పాయింట్‌తో గెలిచింది మరి!

తర్వాత ఆయనే జాతీయ రిఫరీల కమిటీకి అధ్యక్షుడయ్యాడు. ఏ మ్యాచ్‌కి ఎవరిని పంపాలన్న తలనొప్పి అక్కడిది. ఆలోచించుకోవడానికి టైమ్ ఉంటుంది, ఎదురుగా 82 వేల మంది అరవరు. కానీ చేతులు కట్టేసినట్టే. 2010లో లైన్‌స్టర్ ప్రాంతపు ఫైనల్ చివర్లో లౌత్ కౌంటీపై చెల్లని గోల్ ఇచ్చేశారు. మళ్లీ ఆడించమని ఆదేశించే అధికారం నిబంధనల ప్రకారం తమకు లేదంది అసోసియేషన్.

నన్నడిగితే ముందు విజిలే. ఆ టెన్షన్ పడనివాడు రిఫరీలకు మార్కులేస్తే మైదానంలో ఎవరు ఒప్పుకుంటారు?