మీటింగ్ ఔల్ 3: గదిలో లేని మనిషి రాస్తున్న రివ్యూ

మా ఆఫీసు హైదరాబాద్ మాదాపూర్‌లో. నేను పని చేసేది కాకినాడలో మా ఇంటి నుంచి. బిల్డింగ్ ఎస్టిమేషన్ నా ఉద్యోగం. డ్రాయింగులు చూసి సిమెంటు ఎంత పడుతుంది, స్టీలు ఎంత పడుతుంది అని లెక్క కట్టి ఇస్తాను. మీటింగ్ రూమ్ పరికరాల మీద నేను చదివిన రివ్యూలన్నీ గదిలో కూర్చున్నవాళ్ళు రాసినవే. ఆ పరికరం అవసరం ఎక్కువగా ఉండేదేమో బయట నుంచి చేరేవాళ్ళకి. అందుకే టేబుల్ మీద పెట్టే మీటింగ్ ఔల్ 3 అనే ఈ కెమెరా, మైకు, స్పీకర్ కలిసిన పరికరం ఇవతలి వైపు నుంచి ఎలా ఉందో చెప్తున్నాను.

ఇంతకుముందు మా గదిలో టీవీ మీద ఒక కెమెరా, టేబుల్ మీద ఒక స్పీకర్‌ఫోన్ ఉండేవి. గదంతా కనిపించేది గానీ మనుషులు వేలెడంతే ఉండేవాళ్ళు. పైగా మాట్లాడేటప్పుడు ఒకరినొకరు చూసుకుంటారు కానీ టీవీ వైపు ఎవరు చూస్తారు? నాకు సగం సగం మొహాలే దక్కేవి. దానికన్నా పెద్ద బాధ మాట వినపడకపోవడం. స్లాబులో వేసే కడ్డీ టెన్ ఎంఎం అన్నారా, ట్వెల్వ్ ఎంఎం అన్నారా? పది ఎంఎం కడ్డీ మీటరుకి 0.617 కిలోలు, పన్నెండు ఎంఎం అయితే 0.888 కిలోలు. పదిని పన్నెండుగా వింటే స్టీలు లెక్కలో నలభై శాతం పైనే తేడా వస్తుంది. అయినా మీటింగులో మాటిమాటికీ "సార్, మళ్ళీ చెప్పండి" అనడానికి ఎవరికైనా మొహమాటమే.

ఇప్పుడు ఆ టేబుల్ మధ్యలో ఔల్ ల్యాబ్స్ అనే కంపెనీ వాళ్ళ మీటింగ్ ఔల్ 3 ఉంది. అడుగుకి కాస్త తక్కువ ఎత్తు, కిలో పైచిలుకు బరువు. ఆన్ చేయగానే గుడ్లగూబలా కూస్తుంది, కళ్ళు వెలుగుతాయి. ఇంటి మీద గుడ్లగూబ వాలితే కీడని నమ్మే పెద్దవాళ్ళు మా ఆఫీసులోనూ ఉన్నారు, మొదట్లో వాళ్ళకి నచ్చలేదు. ఇప్పుడు వాళ్ళే ముందుగా దాన్ని ఆన్ చేస్తున్నారు.

దీని తల భాగంలో చుట్టూ 360 డిగ్రీలు చూసే కెమెరా, లోపల ఎనిమిది మైకులు, మూడు స్పీకర్లు ఉంటాయి. కరెంటు వైరు ఒకటి, ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ వైరు ఒకటి, అంతే. జూమ్, టీమ్స్, గూగుల్ మీట్ దేంట్లోనైనా మామూలు వెబ్‌క్యామ్‌లా ఎంచుకుంటే సరిపోతుంది. నా స్క్రీన్ మీద పైన గదంతా ఒక పొడవాటి పట్టీలా కనిపిస్తుంది. దాని కింద, మాట్లాడుతున్నవాళ్ళు దగ్గరగా, ఒకేసారి ముగ్గురి దాకా కనిపిస్తారు. ఎవరు మాట్లాడుతున్నారో గొంతును బట్టి, మనిషి కనపడటాన్ని బట్టి అదే పట్టుకుంటుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది దాన్ని పెట్టే చోటు. టేబుల్ మధ్యలో ఉంటుంది కాబట్టి ఎదురుగా ఉన్నవాళ్ళతో మాట్లాడినా వాళ్ళ చూపు దాదాపు నా వైపే ఉన్నట్టు ఉంటుంది. మా జూనియర్ ఇంజనీర్లు ఎప్పుడూ టేబుల్ చివరనే కూర్చుంటారు. సైటు సంగతులు అందరికన్నా బాగా తెలిసింది వాళ్ళకే. ఒక అమ్మాయి ఏదో చెప్పబోయి, సీనియర్లను చూసి ఆగిపోవడం మొన్న నాకు స్పష్టంగా కనిపించింది. "ఏదో అంటున్నావు, చెప్పమ్మా" అన్నాను. బీము దగ్గర షట్టరింగ్ (కాంక్రీటు పోయడానికి కట్టే అచ్చు) లెక్కలో మేం వదిలేసిన కొలత ఒకటి చెప్పింది. పాత కెమెరాలో ఆ అమ్మాయి మొహమే నాకు తెలిసేది కాదు.

ఇది చేయలేని పనులూ ఉన్నాయి. కంపెనీ చెప్పే ప్రకారం మాట అందేది పరికరం నుంచి 18 అడుగుల దూరం దాకా. అంతకన్నా దూరంగా కూర్చునేవాళ్ళుంటే ఎక్స్‌పాన్షన్ మైక్ అనే అదనపు మైకు విడిగా కొనాలి, దానితో ఇంకో ఎనిమిది అడుగులు పెరుగుతుంది. వీడియో 1080పీ. ఇది మనుషుల్ని చూపించడానికే. టేబుల్ మీద పరిచిన పెద్ద డ్రాయింగు షీటులో (ఏ1) కొలతలు చదవాలంటే పీడీఎఫ్ షేర్ చేయాల్సిందే. బోర్డు దగ్గర నిలబడి చెప్పేవాళ్ళుంటే యాప్‌లో కెమెరాని అటువైపు లాక్ చేయొచ్చు. నలుగురు ఒకేసారి మాట్లాడితే మాత్రం ఏ మైకూ ఏమీ చేయలేదు. మా ఎండీ గారు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలని గట్టిగా చెప్పాకే నాకు పూర్తి సుఖం దొరికింది.

మీ ఐటీ వాళ్ళకి తప్పక చెప్పాల్సిన విషయం ఇంకొకటి. 2022లో మోడ్‌జీరో అనే స్విట్జర్లాండ్ భద్రతా సంస్థ, దీనికి ముందు వచ్చిన మీటింగ్ ఔల్ ప్రోలో తీవ్రమైన లోపాలు బయటపెట్టింది. ముందే పెట్టేసిన పాస్‌వర్డ్ వల్ల, దగ్గర్లో ఉన్నవాళ్ళు ఈ పరికరం ద్వారా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి చొరబడే వీలుండేది. కంపెనీ తర్వాత అప్‌డేట్లు ఇచ్చి సరిచేసింది. కాబట్టి వైఫైకి కలిపి అప్‌డేట్లు పడుతున్నాయో లేదో చూసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో పాత మోడల్ కొనేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ధర తక్కువేం కాదు, అమెరికాలోనే వెయ్యి డాలర్లు దాటింది. ఇద్దరు ముగ్గురు కూర్చునే చిన్న గదికి ఇది దండగ, మంచి వెబ్‌క్యామ్ చాలు. మీ గదిలో ఇప్పటికే లాజిటెక్ ర్యాలీ బార్ ఉంటే దానికి తోడుగా టేబుల్ మీద పెట్టే సైట్ అనే కెమెరా దొరుకుతుంది, ముందు అది చూడండి. ఆరేడుగురు టేబుల్ చుట్టూ కూర్చుని, ఒకరిద్దరు వేరే ఊళ్ళ నుంచి చేరే ఆఫీసులకైతే ఔల్‌ని ధైర్యంగా సిఫారసు చేస్తాను.

డెమో తీసుకునేటప్పుడు మాత్రం అమ్మేవాళ్ళు గదిలో చూపించింది చూసి ఒప్పుకోకండి. మీ టీంలో ఇంటి నుంచి పని చేసేవాళ్ళని కాల్‌లోకి పిలవండి. గదిలో ఫ్యాను తిరుగుతుండగా టేబుల్ చివర కూర్చున్నవాళ్ళతో పది అంకెలు చదివించి, అవతలి వాళ్ళని రాసుకోమనండి. రాసినవి సరిపోలాకే ఆర్డరివ్వండి.