జెనెసిస్: గాబ్రియల్ కాలమా, కాలిన్స్ కాలమా?

ఇంగ్లండ్ ప్రోగ్రెసివ్ రాక్ (పొడవాటి, మలుపులు తిరిగే పాటల రాక్) బ్యాండ్ జెనెసిస్ పేరెత్తితే చాలు, అభిమానులు రెండు జట్లయిపోతారు. గాయకుడు పీటర్ గాబ్రియల్ ఉన్న 1975 దాకా ఒక లెక్క, డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ మైకు అందుకున్నాక ఇంకో లెక్క.

గాబ్రియల్ హయాంలో కచేరీ అంటే సగం నాటకమే. నక్క తల పెట్టుకుని, భార్య ఎర్ర గౌను వేసుకుని స్టేజీ ఎక్కిన మనిషి! 1972 నాటి ‘సప్పర్స్ రెడీ’ పాట దాదాపు 23 నిమిషాలు, ఏడు భాగాలు. ఒకచోట తాళం 9/8కి, అంటే ఆవృత్తానికి తొమ్మిది దెబ్బలకి, మారిపోతుంది, దాని మీద కీబోర్డు సోలో తన దారిన తాను పరిగెడుతుంది. మెచ్చేవాళ్లకు విందు. మిగతావాళ్లది ఒకటే ప్రశ్న: ఇంతకీ పల్లవి ఏది?

కాలిన్స్ వైపు పల్లవులకు కొదవలేదు. 1986లో ‘ఇన్విజిబుల్ టచ్’ పాట అమెరికాలో నంబర్ వన్ అయింది. పాతకాపులు దీన్ని అమ్ముడుపోవడం అంటారు. నాకది సగమే నిజమనిపిస్తుంది. అదే పేరున్న ఆల్బమ్‌లో ‘డామినో’ పాట పది నిమిషాలు దాటుతుంది. పైగా కాలిన్స్ ప్రధాన గాయకుడిగా వచ్చిన తొలి ఆల్బమ్, 1976లోది, అచ్చంగా పాత బాణీయే. గిటారిస్టు స్టీవ్ హ్యాకెట్ 1977లో వెళ్లిపోయాకే పాటలు పొట్టివయ్యాయి. ఆ కోపమూ కాలిన్స్ ఖాతాలోనే పడింది, పాపం.