దుమ్ము దులుపుకొని వెళ్లడమా, పక్కింట్లోనే ఉండడమా?

మన విశ్వాసాన్ని ఎదుటివాళ్లు కాదన్నప్పుడు ఏం చేయాలి? బైబిల్లోని అపొస్తలుల కార్యములు అనే పుస్తకంలో, యేసు గురించి ఊరూరా ప్రకటించిన పౌలు రెండు రకాలుగానూ చేశాడు.

13వ అధ్యాయంలో, పిసిదియలోని అంతియొకయలో, పౌలునూ అతని తోటి ప్రచారకుడు బర్నబానూ ఊరి పొలిమేరల నుంచే వెళ్లగొట్టారు. వాళ్లు పాదాల దుమ్ము దులిపేసి ఈకొనియకు వెళ్లిపోయారు.

18వ అధ్యాయంలో కొరింథు కథ వేరు. అక్కడి యూదులు దూషించినప్పుడు పౌలు బట్టలు దులుపుకొన్నాడు, గట్టి మాటే అన్నాడు. కానీ ఎంత దూరం వెళ్లాడు? వాళ్ల ప్రార్థనాస్థలమైన సమాజమందిరాన్ని ఆనుకుని ఉన్న యూస్తు అనే ఆయన ఇంటికి! (వాళ్లకు రోజూ ఎదురుపడే ఉంటాడు.) ఆ మందిరపు అధికారి క్రిస్పు ఇంటివారందరితో సహా నమ్మాడు. పౌలు ఆ ఊళ్లో ఏడాదిన్నర ఉన్నాడు.

మన ఇళ్లలో ఎక్కువగా ఎదురయ్యేది కొరింథే. బాబాయి ప్రార్థనను వెటకారం చేస్తాడు, పండక్కి మాత్రం పిలుస్తాడు. అలాంటిచోట వాదన ఆపినా రాకపోకలు ఆపకూడదని నా అభిప్రాయం. ప్రసాదం దగ్గర కాస్త టెన్షన్ ఉంటుంది, నిజమే. తీసుకోనని మర్యాదగా చెప్పి, పిన్నికి వంటింట్లో సాయం చేయొచ్చు. ఎందుకని అడిగితే, పేతురు మొదటి పత్రిక 3:15 చెప్పినట్టు సాత్వికంగా జవాబివ్వాలి.

బెదిరింపులు, కొట్టడం దాకా వస్తే మాత్రం అంతియొకయ దారే పట్టాలి.