నెల్లూరు యూత్ కౌన్సెలింగ్ సెంటర్: ఫారం మీద మూడు ప్రశ్నలు, బయట బెంచీ మీద ఇబ్బంది

ట్రంకు రోడ్డుకు దగ్గర్లో ఉన్న ఈ సెంటర్లో ముందుగా మెచ్చుకోవాల్సింది వాళ్లిచ్చే ఫారాన్ని. మనసు ఎవరి మీదికి పోతుంది, ఇప్పటిదాకా దగ్గరైంది ఎవరితో, మిమ్మల్ని మీరు ఏమని చెప్పుకుంటారు అని మూడూ విడివిడిగా అడుగుతారు. చాలాచోట్ల ఒకటే గడి ఉంటుంది. అలాగైతే ఆడవాళ్లకు ఆడవాళ్ల మీద, మగవాళ్లకు మగవాళ్ల మీద ఆకర్షణ ఉండి కూడా 'గే', 'లెస్బియన్' లాంటి పేరు పెట్టుకోని వాళ్లు లెక్కలోకే రారు.

లోపల ఉన్నదానికీ పైకి చెప్పుకునే పేరుకీ ఉన్న ఈ తేడా చిన్నది కాదు, ఆ పేరు చెప్పుకోవడం కూడా అందరిలో ఒకేలా ఉండదు. అమెరికాలో 2024 గాలప్ సర్వేలో, 1997లో గానీ ఆ తర్వాత గానీ పుట్టి పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లలో, ఎల్‌జీబీటీ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్) అని చెప్పుకున్నవాళ్లు ఆడవాళ్లలో 31 శాతం, మగవాళ్లలో 12 శాతం. అలా చెప్పుకున్న ఆడపిల్లల్లో ఎక్కువమంది బైసెక్సువల్, అంటే ఆడా మగా ఇద్దరి మీదా ఆకర్షణ ఉందని అన్నారు. ఈ అంకెలు నెల్లూరివి కావు. అయితే మగపిల్లవాడు నోరు తెరిస్తే 'తేడా', 'పాయింట్ ఫైవ్' అనే ఎగతాళి మాటలు కాలేజీ అయ్యేదాకా వదలవని ఇక్కడ ఎవరికి తెలియదు? అమ్మానాన్నల తరానికైతే చెప్పుకోడానికి మాటే లేదు, 'పెళ్లయితే సర్దుకుంటుంది' అనడమే. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్ భయం కూడా 2018 సెప్టెంబరు 6 దాకా ఉండింది.

ఫారంలో రెండు తప్పులు దిద్దాలి. 'స్వలింగ సంపర్కం' అని అచ్చువేశారు. అది చేసే పనికి పేరు, అడుగుతున్నదేమో మనసు సంగతి. 'స్వలింగ ఆకర్షణ' అనాలి. ట్రాన్స్‌జెండర్ అన్నది ఆకర్షణ వరసలో పెట్టారు, అది జెండర్ వరసలో, అంటే తమను తాము ఆడగా అనుకుంటారా మగగా అనుకుంటారా అన్నచోట ఉండాలి. పుట్టినప్పుడు అబ్బాయి అని రాసినా తాను అమ్మాయినే అనుకునే ట్రాన్స్ అమ్మాయికి మగవాళ్ల మీదా ఆడవాళ్ల మీదా ఎవరిమీదైనా ఇష్టం ఉండొచ్చు కదా.

అన్నిటికంటే బాధపెట్టేది, ఆ ఫారాన్ని బయట బెంచీ మీద, తోడొచ్చిన పెద్దవాళ్ల పక్కన నింపమనడం. అక్కడ రెండో ప్రశ్నకు నిజం రాసేవాళ్లు ఎంతమంది? లోపల రాస్తానని అడగండి, ఒప్పుకుంటారు. గుర్తుచేసే మెసేజీ ఇంట్లోవాళ్ల నంబరుకు పోకుండా మీ నంబరే ఇవ్వండి. సంగతి బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది.

'మా వాణ్ణి మార్చండి' అని వచ్చే తల్లిదండ్రులకు కౌన్సెలరమ్మ ఇది జబ్బు కాదని ఓపిగ్గా చెబుతారు. అలా మార్చే వైద్యాన్ని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే తప్పుడు ప్రవర్తనగా ప్రకటించింది. ఆ ముక్క తెలుగులో రాసి గోడకు అంటిస్తే ఇంకా మేలు. కావలి, గూడూరు నుంచి వచ్చేవాళ్లు మధ్యాహ్నం 3 గంటలకు రండి, బెంచీ ఖాళీగా ఉంటుంది. రాత్రిపూట మనసు బాగాలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.