దవావోలో తినాలంటే కరిందేరియానే

ఫిలిప్పీన్స్‌లోని దవావోకి మెడిసిన్ చదివే పిల్లల్ని చూడ్డానికి మన వైపు నుంచి చాలామంది అమ్మానాన్నలు వెళ్తున్నారు. 2025 జూన్ నుంచి మన పాస్‌పోర్టుకి 14 రోజుల దాకా వీసా కూడా అక్కర్లేదు. తిరుగు టికెట్టు, బస బుక్ చేసిన కాగితం, ఖర్చులకి డబ్బున్నట్టు రుజువు దగ్గర ఉంచుకోవాలి. అలా వెళ్లినవాళ్లు ఎక్కువగా తినేది రెండు చోట్లే. ఒకటి పిల్లలు తినే ఇండియన్ మెస్సు, రెండోది మాల్. ఆకలి తీరుతుంది, కాదనను. కానీ ఆ ఊరి వంట ఆ రెండు చోట్లా దొరకదు. సందుల్లో ఉండే కరిందేరియాల్లో, అంటే చిన్న భోజనం కొట్లలో దొరుకుతుంది. మా ఆవిడా నేనూ అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు చాలా పూటలు అక్కడే గడిపేశాం.

బస సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కాలేజీ దగ్గర్లో పెన్షన్ హౌస్ తీసుకున్నాం. అక్కడ చవక లాడ్జీల్ని అలాగే అంటారు. గది చిన్నది, ఏసీ బాగుంది, పొద్దున టిఫిన్ లేదు. లేకపోవడమే మేలయింది.

కరిందేరియా అంటే పైన రేకులు, ప్లాస్టిక్ గుడ్డ పరిచిన నాలుగు బల్లలు, ముందు అద్దాల పెట్టెలోనో బల్ల మీదో వరసగా మూతలు పెట్టిన గిన్నెలు. మెనూ కార్డు ఉండదు. "మూతలు తీసి చూడు నాన్నా, ఏమీ అనుకోరు" అంది మా అమ్మాయి. నిజమే, అందరూ అదే చేస్తున్నారు. వేలు పెట్టి చూపిస్తే చిన్న సాసరులో కూర వేస్తారు. అన్నాన్ని కప్పుతో కొలిచి పళ్లెంలో బోర్లిస్తారు. చెంచాలూ ఫోర్కులూ వేడినీళ్ల గ్లాసులో నిలబెట్టి ఉంటాయి, మనమే తీసుకోవాలి. వడ్డించే ఆవిడని వయసుతో పనిలేకుండా అందరూ "ఆతే" అంటారు, మనం అక్కా అన్నట్టు. "ఆతే, పిలా ని?" అని మా అమ్మాయి ధర అడిగితే మా ఆవిడ మురిసిపోయింది.

అన్నం కప్పు పది పదిహేను పెసోలు, కాయగూర ముప్పై నలభై, చేపో మాంసమో అరవై నుంచి తొంభై. పెసో అంటే రూపాయిన్నర అనుకోండి. మనిషికి నూట యాభై, రెండొందల రూపాయల్లో భోజనం అయిపోయేది. మాల్‌లో అంతకు రెండింతలు.

ఇక రుచి. ముందుగా చెప్పాల్సింది లావ్-ఉయ్ గురించి. గుమ్మడి, బెండ, వంకాయ, నిమ్మగడ్డి వేసి మరిగించిన పల్చటి పులుసు. దాన్నిండా మునగాకే. నూనె లేదు, తాలింపు లేదు. మొదటి చెంచాకి చప్పగా అనిపిస్తుంది, గిన్నె సగమయ్యేసరికి అలవాటైపోతుంది. తినోలా అనే కోడి పులుసులోనూ మునగాకు, అల్లం, పచ్చి బొప్పాయి ఉంటాయి. సినిగాంగ్‌ది చింతపండు పులుపు, కాకపోతే ఇప్పుడు చాలాచోట్ల ప్యాకెట్టు పొడే కలుపుతున్నారు. అడోబో మాంసం వెనిగర్, సోయా సాస్, వెల్లుల్లి, మిరియాలు, బిర్యానీ ఆకుతో వండుతారు. వెనిగర్ వల్ల పొద్దున వండింది మధ్యాహ్నానికి చెడదు, ఇంకా బాగుంటుంది. లేత పనసకాయని కొబ్బరిపాలల్లో ఉడికించే గినతాంగ్ లాంగ్కా చూసి మా ఆవిడ ఆవపెట్టిన పనసపొట్టుని తలుచుకుంది. "ఆవ లేకపోతే ఏం కూర" అంటూనే రెండోసారి వేయించుకుంది.

కారం మాత్రం ఉండదు. బల్ల మీద మిరపకాయలు ఊరేసిన వెనిగర్ సీసా ఉంటుంది, అది చాలదు. లబుయో అనే చిన్న మిరపకాయలు అడిగితే ఇస్తారు. సోయా సాస్‌లో వాటిని నలిపి, గోళీకాయంత కలమన్సీ నిమ్మకాయ పిండుకుంటే దేంతోనైనా అన్నం దిగుతుంది. రెండో ఇబ్బంది, కలుపుకోడానికి ఏమీ ఉండకపోవడం. వాళ్లు అన్నం ఎక్కువ, కూర కొరుక్కునేంత తింటారు. దానికి విరుగుడు, ఉచితంగా ఇచ్చే ఎముకల చారు. అది మాంసపు చారని మరిచిపోకండి.

శాకాహారులకి అసలు కష్టం ఇక్కడే. పినక్బెట్‌లో కాకరకాయ, వంకాయ, బెండకాయ కనిపించగానే సంబరపడకండి, అందులో రొయ్యల ముద్ద ఉంటుంది. శుక్రవారాలు చాలాచోట్ల పెసల కూర వండుతారు, అందులోనూ ఎండుచేపో పంది చర్మపు వేపుడో పడుతుంది. పందిమాంసాన్ని అక్కడ బాబోయ్ అంటారు, గుర్తుపెట్టుకోవడం తేలిక. గుడ్డు తినేవాళ్లకి తోర్తాంగ్ తలోంగ్ ఉంది. కాల్చిన వంకాయని గుడ్డుసొనలో ముంచి వేయించిన అట్టు. నా ఓటు దానికే.

వేళ ముఖ్యం. పదకొండింటికి వెళ్తే గిన్నెలు నిండుగా, వేడిగా ఉంటాయి. రెండు దాటితే అడుగంటినవి, చల్లారినవి. ఒకచోట చేప మీద ఈగలు చూసి లేచి వచ్చేశాం. జనం ఉన్నచోటే కూర్చోవడం మంచిది. నీళ్లు సీసావే కొనుక్కోండి. వెయ్యి పెసోల నోటు తీస్తే చిల్లరకి పక్క కొట్టుకి పరుగెత్తాలి.

మాల్‌నీ పూర్తిగా కొట్టిపారేయను. 2003లో ఇలోయిలో నగరంలో మొదలైన మాంగ్ ఇనసాల్ అనే చెయిన్ హోటల్లో బొగ్గుల మీద కాల్చిన కోడి తిన్నాం. నిమ్మగడ్డి, కలమన్సీ వాసన, పైన ఎర్రటి నూనె, అన్నం ఎంత కావాలంటే అంత. మన పిల్లలు అక్కడే ఎందుకు తేలతారో అర్థమైంది. సముద్రం ఒడ్డున ఒక పెద్ద రెస్టారెంటులో మాత్రం కరిందేరియా కూరలే మూడింతల ధరకి, పువ్వు గుచ్చి తెచ్చారు. అన్నం చల్లగా ఉంది.

ఒక రాత్రి బొగ్గులపొయ్యి కొట్లో ట్యూనా దవడ తిన్నాం, దాన్ని పాంగా అంటారు. ట్యూనా పడవలు దిగే జెనరల్ శాంటోస్ రేవు రోడ్డు మీద కొన్ని గంటల దారే కాబట్టి చేప తాజాది. ప్లాస్టిక్ గ్లవ్స్ ఇచ్చారు, మేం చేతులు కడుక్కుని మామూలుగా తిన్నాం, ఎవరూ వింతగా చూడలేదు. వెనిగర్‌లో నానబెట్టిన పచ్చిచేప కినిలావ్ మా ఆవిడ ముట్టలేదు. నాకు నచ్చింది.

వచ్చేసారి అమ్మమ్మని తీసుకురమ్మని మా అమ్మాయి పట్టు. మా అత్తగారు గుడ్డు కూడా తినరు. ఆవిడకి మెస్సులో పప్పన్నం, సాయంత్రం కాల్చిన అరటిపండు మీద పంచదార అద్దిన గినంగాంగ్. అది కూడా వెన్న బదులు మార్గరిన్ రాస్తారని ముందే చెప్పి తీసుకెళ్లాలి.